ముందు రాగి పరుచు, వంపులు తర్వాత

చి. హారికకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మోటార్ కంట్రోలర్ సర్క్యూట్ బోర్డు డిజైన్‌ని కీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాను. ట్రేసులన్నీ, అంటే కరెంటు నడిచే రాగి గీతలన్నీ, ఎంతో ఓపికగా గుండ్రంగా వంచావు, ముచ్చటగా ఉంది. కానీ మోటార్‌కి వెళ్ళే 2 ఆంపియర్లనీ పావు మిల్లీమీటరు ట్రేస్‌లోంచి పంపావు. కింది పొరలో, కరెంటు తిరిగి వచ్చే గ్రౌండ్ రాగికి మధ్యలో పొడవాటి చీలిక పడింది. ఈ రెండూ సరిచేశాకే వంపుల జోలికి వెళ్ళు.

మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. ట్రేస్‌ని దాని వెడల్పు కొలతతోనే చదరాలుగా విడగొట్టుకో. ఒక్కో చదరానికి దాదాపు అర మిల్లీఓమ్ వస్తుంది, చదరం చిన్నదైనా పెద్దదైనా అంతే. నీ ట్రేస్ 50 మి.మీ. పొడవు, 0.25 వెడల్పు. అంటే 200 చదరాలు, 0.1 ఓమ్. 0.2 వోల్టు దారిలోనే పోతుంది, 0.4 వాట్లు వేడి పుడుతుంది. అదే దారిలో 5 మి.మీ. వెడల్పున రాగి పరిస్తే పదే చదరాలు, పోయేది 10 మిల్లీవోల్టులే. అందుకే అక్కడ ట్రేస్ తీసేసి జోన్, అంటే రాగి పరిచే ప్రాంతం, గియ్యి.

జోన్ అంచుని ప్యాడ్ల (భాగాలు సోల్డర్ చేసే రాగి చోట్ల) చుట్టూ తిప్పుతూ గీయనక్కర్లేదు. నెట్, అంటే ఆ రాగి ఏ కనెక్షన్‌కి చెందుతుందో, సరిగ్గా ఎంచుకుని పెద్ద బహుభుజి గీస్తే చాలు, వేరే నెట్‌ల నుంచి ఎడం సాఫ్ట్‌వేరే వదులుతుంది. గ్రౌండ్ జోన్ లోపల మోటార్ జోన్ ఉంటుంది కాబట్టి మోటార్ దానికి ప్రయారిటీ అంకె ఎక్కువ ఇవ్వు, లేకపోతే గ్రౌండే ఆ చోటు ఆక్రమిస్తుంది. ఏ భాగం జరిపినా తర్వాత బి కీ నొక్కి మళ్ళీ నింపు. తెర మీద కనిపించేది పాత పూత కావచ్చు.

ప్యాడ్ల దగ్గర కాస్త ఆలోచించు. చేత్తో సోల్డర్ చేసే స్క్రూ టెర్మినల్‌కి థర్మల్ రిలీఫ్ ఉంచు, అంటే సోల్డర్ వేడి రాగిలోకి పారిపోకుండా ప్యాడ్‌ని కొన్ని కాళ్ళతోనే చుట్టూ ఉన్న రాగికి కలుపు. కానీ ఆ కాళ్ళు వెడల్పు చెయ్యి. కరెంటంతా వాటిలోంచే పోవాలి కదా. మోటార్ కరెంటుకి స్విచ్చులా పనిచేసే మాస్‌ఫెట్ వీపు ప్యాడ్‌కి మాత్రం రిలీఫ్ వద్దు, నేరుగా రాగిలో కలిపెయ్యి. దాని వేడి దిగేది అటే.

ఇక ఆ చీలిక. కింది పొరలో నువ్వు లాగిన ఒక పొడవాటి ట్రేస్ వల్లే అది వచ్చింది. పైన మోటార్ పల్స్ సిగ్నల్ సరిగ్గా దాన్ని అడ్డంగా దాటుతోంది. ఇంత వేగంగా మారే కరెంటు తిరుగు దారిలో తన ట్రేస్ కిందే రావాలని చూస్తుంది. రాగి తెగితే వంతెన దొరికేదాకా కాలువ గట్టున నడిచినట్టు చుట్టూ తిరిగి వస్తుంది. ఆ చుట్టు ఎంత పెద్దదైతే ఎలక్ట్రికల్ రొద అంత ఎక్కువ. ఆ ట్రేస్‌ని పైకి మార్చు. తప్పనిసరై కింద దాటాల్సి వస్తే పొట్టిగా దాటించు. వైఫై ఉన్న ఈఎస్పీ32 మాడ్యూల్ యాంటెన్నా కింద మాత్రం ఏ పొరలోనూ రాగి ఉండకూడదు, అక్కడ రాగి నిండకుండా రూల్ ఏరియా పెట్టు.

వంపుల గురించి అడిగావు. మా రోజుల్లో మైలార్ ప్లాస్టిక్ షీటు మీద నల్ల టేపు చేత్తో అతికించేవాళ్ళం. టేపు ఎటు తిరిగితే ట్రేస్ అటు. పాత బోర్డుల్లో ఆ గుండ్రదనం చాలావరకు అలా వచ్చిందే. 90 డిగ్రీల మూల వల్ల సిగ్నల్ పాడవుతుందన్న భయం నీ బోర్డుకి వర్తించదు, దాని ప్రభావం గిగాహెర్ట్జ్‌ల్లో గానీ తేలదు. వంపు నిజంగా కావాల్సింది మడిచే ఫ్లెక్స్ బోర్డుల్లో. అక్కడ పదునైన మూల దగ్గరే రాగి పగులుతుంది. రేడియో ట్రేసుల్లో వంపు వ్యాసార్ధం వెడల్పుకి మూడు రెట్లైనా ఉంచుతారు.

అందం కోసమే అయినా వద్దనను, నీ చేతి పని మీద నీకు ఇష్టం ఉండాలి. 2021 డిసెంబరులో వచ్చిన 6వ వెర్షన్ నుంచి కీక్యాడ్‌లో ఆర్క్ (వంపు) ట్రేసులు ఉన్నాయి. రూటింగ్ మధ్యలో కంట్రోల్‌తో స్లాష్ నొక్కితే మూల తీరు మారుతుంది. నా మాట వింటే మొదట 45 డిగ్రీలతో అంతా ముగించి, చివర్లో ట్రేసులు ఎంచుకుని, మూలల్ని గుండ్రంగా చేసే ఫిల్లెట్ ఆదేశం ఇవ్వు. ముందే వంచేస్తే భాగాలు జరిపిన ప్రతిసారీ ఆ వంపులు సర్దుకోవడంతోనే పొద్దుపోతుంది. ఫిల్లెట్ ఇచ్చాక జోన్లు మళ్ళీ నింపి, డిజైన్ నియమాలు సరిచూసే డీఆర్‌సీ నడుపు.

బోర్డు తయారీకి ఇచ్చే గెర్బర్ ఫైళ్ళు తీశాక వ్యూయర్‌లో ఒక్కో పొరా విడిగా చూడు. కింది పొరలో గ్రౌండ్ ఎక్కడా తెగలేదని తేలాకే బోర్డు తయారుచేసే ఫ్యాబ్‌కి పంపు. అంతకు ముందు నాకూ ఒకసారి పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను.

మామయ్య