రంగు సంగతి చివర్లో చూద్దాం, అల్లుడూ

పటమట, విజయవాడ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. బ్రాడీపేట ఇంటి మెట్ల కింద ఇన్నేళ్లు గోనెపట్టా కప్పుకొని పడి ఉన్న మీ నాన్న, అంటే మా బావ యెజ్డీ బండిని మళ్లీ వెలుతురులో చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. చివర్లో నువ్వు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను కంగారు పెట్టింది. "మామయ్యా, ముందు ఏ రంగు వేయించమంటావు?" అన్నావు. రంగు అన్నిటికన్నా ఆఖరి పని. అసలు పని అంతా కంటికి కనబడని చోట ఉంది.

ముందు ఈ బండి ఏమిటో తెలుసుకో. ఇది రోడ్‌కింగ్. మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1978లో తెచ్చిన మోడల్. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. పెట్రోలులోనే నూనె కలిపి నడిపే టూ స్ట్రోక్ ఇంజన్, 250 సీసీ, ఒక్క సిలిండర్‌కు రెండు సైలెన్సర్లు. దీని పుట్టిల్లు చెకోస్లోవేకియా. అక్కడి జావా, సీజెడ్ కంపెనీలు అక్కచెల్లెళ్ల వంటివి. 1964లో బెల్జియం కుర్రాడు జోయెల్ రోబెర్ 250 సీసీ మోటోక్రాస్ (మట్టిదారుల బైకు పందెం) ప్రపంచ టైటిల్ గెలిచింది సీజెడ్ మీదే. 1966 నుంచి 1968 దాకా 500 సీసీ టైటిల్‌ను వరుసగా మూడేళ్లు తూర్పు జర్మనీ వాడు పాల్ ఫ్రీడ్రిక్స్ గెలిచిందీ సీజెడ్ మీదే. మట్టిలో పరుగెత్తడం ఈ వంశానికి కొత్త కాదు.

1982లో బావ ఈ బండి కొన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది అదే. నెల తిరక్కుండా చెయిన్ కవర్ తీసేశాడు. కవర్ ఉంటే బురద లోపల గడ్డకట్టి చెయిన్‌ను పట్టేస్తుందని ఆయన వాదన. వెడల్పాటి హ్యాండిల్, గుబ్బల టైర్లు, ఇంజన్ కింద దెబ్బ తగలకుండా మందపాటి ఇనుప రేకు పెట్టించాడు. వేసవిలో ప్రకాశం బ్యారేజీ దిగువన నీళ్లు తగ్గగానే ఇసుక తిన్నెల మీద సాధన. ప్రతి సాయంత్రం ఎయిర్ ఫిల్టర్ కడిగి ఆరబెట్టడం నా వంతు. ట్యాంకు కుడిపక్కన సొట్ట చూశావు కదా, అక్కడే పడింది.

అందుకే చెబుతున్నాను, దీన్ని షోరూములో నిలబెట్టే బండిగా మార్చకు. చెయిన్ కవర్ మళ్లీ తగిలించవద్దు, ఆ రేకు తీయవద్దు, సొట్ట లాగించవద్దు. క్రోమ్ పూత మెరుపులు నాకూ ఇష్టమే. కానీ ఈ బండికి అవి అద్దె నగల్లా ఉంటాయి.

ఇక పని. ఎంత ఉత్సాహంగా ఉన్నా కిక్ కొట్టకు. ఈ బండికి గేరు రాడ్డే కిక్ రాడ్డు కూడా, లోపలికి నొక్కి తిప్పాలి. పిస్టన్ పట్టేసిన ఇంజన్ మీద బలం చూపిస్తే రింగులు విరిగి సిలిండర్ గోడను గీరేస్తాయి. స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలోంచి సగానికి సగం డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసెయ్యి. వారం రోజులు ముట్టుకోకు. తర్వాత టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపు. వెంట్రుకవాసి కదిలినా చాలు, మిగతాది ఓపికతో వస్తుంది.

విప్పే ప్రతి భాగాన్నీ విప్పకముందే రెండు వైపుల నుంచీ ఫోటో తీయి. బోల్టులు గుడ్డ సంచుల్లో వేసి, ఎక్కడివో చీటీ రాసి లోపల పెట్టు. పైన అతికించిన చీటీ నూనె తగిలి ఊడిపోతుంది.

ఇంజన్ దించాక ఒట్టి ఫ్రేమ్ మిగులుతుంది. ఇసుక మీద ఎగిరి పడిన ఫ్రేమ్ అది, పగుళ్లు ఉండే అవకాశం ఎక్కువ. ముందు హ్యాండిల్ ఇరుసు చుట్టూ, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ ఇరుసు దగ్గర, ఫుట్ రెస్టులు అతికిన చోట పాత రంగు, మురికి గోకి శుభ్రం చేయి. కిరోసిన్ పూసి అరగంట ఆగి, పొడిగుడ్డతో బాగా తుడిచి, పైన ముగ్గుపిండి చల్లు. పగులు ఉంటే అందులోకి దిగిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి, తెల్లటి పిండి మీద సన్నటి తడి గీత కనిపిస్తుంది. ఈ పరీక్ష చేయకుండా నేను ఒకసారి ఒక పాత బండి ఫ్రేమ్‌కు ఖరీదైన పూత వేయించాను. నెల తర్వాత స్వింగ్ ఆర్మ్ దగ్గర వేలెడు పగులు బయటపడింది. వెల్డింగ్ కోసం ఆ పూత అంతా కాల్చాల్సి వచ్చింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ నెల రోజులూ దాని మీద మా అబ్బాయిని ఎక్కించుకు తిరిగినందుకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇప్పుడు ఇంజన్. ఇక్కడ నువ్వు నిదానించాలి. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలు, గాలి ముందు పిస్టన్ కింద క్రాంక్ ఇరుసు తిరిగే గదిలోకి వచ్చి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి పోతాయి. కాబట్టి ఆ గది గాలి చొరకుండా బిగుతుగా ఉండాలి. దాన్ని కాపాడేవి క్రాంక్‌కు రెండు పక్కలా ఉన్న రబ్బరు ఆయిల్ సీళ్లు. ఇన్నేళ్లు కదలకుండా పడి ఉంటే అవి గట్టిపడి ఉంటాయి. ఎడమవైపు, అంటే క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి పీల్చుకుని తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. గేరు ఆయిల్ తగ్గుతుంటుంది, ఎక్కడ కారుతోందో తెలియదు. కుడివైపు, కరెంటు పుట్టే వైపు సీలు పోవడం ఇంకా ప్రమాదం. బయటి గాలి దొంగతనంగా లోపలికి వస్తుంది, పెట్రోలు వాటా తగ్గుతుంది, దాంతోపాటు అందులో కలిపిన నూనె కూడా తగ్గుతుంది. పిస్టన్ వేడెక్కి నడిరోడ్డు మీద పట్టేస్తుంది. చాలామంది అప్పుడు కార్బురేటర్‌ను తప్పుపట్టి, దాన్ని పదిసార్లు విప్పుతారు. సీళ్లు చూడటానికి బాగున్నా సరే, రెండూ మార్చు.

క్రాంక్ అనేది మూడు నాలుగు ముక్కలను ప్రెస్‌తో నొక్కి కలిపిన వస్తువు. కనెక్టింగ్ రాడ్‌ను పైకీ కిందికీ లాగి చూడు. పక్కకు కొంచెం ఆడటం మామూలే, నిలువుగా మాత్రం ఏ మాత్రం ఆడకూడదు. ఆడితే రాడ్డు, పిన్ను, బేరింగు మార్చాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు. ఆటోనగర్‌లో ప్రెస్, వంకర కొలిచే డయల్ గేజ్ రెండూ ఉన్న మేస్త్రీ దగ్గరికే తీసుకెళ్దాం. సుత్తితో సరిచేస్తానన్న చోట అరక్షణం ఆగవద్దు.

ఇక బోరు, అంటే సిలిండర్ లోపలి గోడను తొలిచి సరిచేయించే సంగతి. ముందు పిస్టన్ కొని, ఆ తర్వాతే సిలిండర్ బోరుకు ఇవ్వాలి. పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు ఓవర్‌సైజులు అని పేరుకు ఉంటాయి కానీ, పిస్టన్‌ను చేతిలో పెట్టుకొని దాని కొలతకు బోరు వేస్తేనే సరిగ్గా కుదురుతుంది. బోరు అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులు కత్తిలా ఉంటాయి. వాటిని సన్నగా గుండ్రపరచమని అడుగు. అడగకపోతే చాలామంది చేయరు, కొత్త రింగు ఆ అంచుకు తట్టుకుని విరుగుతుంది.

బేరింగుల మీద నంబర్లు చెక్కి ఉంటాయి. ఆ నంబరు చెప్పి బేరింగుల దుకాణంలో కొను. యెజ్డీ బేరింగ్ అని అడిగితే ధర మారిపోతుంది. బిగించేటప్పుడు బేరింగులను ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, ఇంజన్ కేసును నీటి చుక్క వేస్తే చుర్రుమనేంత వేడి చేయి. దెబ్బ కొట్టకుండానే కూర్చుంటాయి.

ట్యాంకులో తుప్పు ఉంటే వెనిగర్ నింపి రెండు మూడు రోజులు ఉంచు. ఆపైన వంటసోడా నీళ్లతో కడిగి, ఎండబెట్టి, వెంటనే లోపలంతా నూనె తిప్పు. మన కృష్ణా తీరపు తేమకు కడిగిన ఇనుము ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. చిల్లు కనబడితే మాత్రం నాకు చెప్పకుండా వెల్డింగ్‌కు ఇవ్వకు. ఏళ్ల కిందట ఖాళీ అయిన ట్యాంకులో కూడా పెట్రోలు ఆవిరి మిగిలి పేలుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును తినేస్తుంది. పైపులు, వాషర్లు కొత్తవి వేయి. బండి కొన్ని వారాలు ఆగుతుందనుకుంటే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయి. నేను లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల నూనె) కలుపుతాను. కొత్త బోరుకు అదే మేలు.

కార్బురేటర్ జెట్లలో ఇనుప తీగ దూర్చకు, రంధ్రం పెద్దదవుతుంది. పాత బ్రేకు షూల దుమ్మును నోటితో ఊదకు, ఆ రోజుల్లో వాటిలో ఆస్బెస్టాస్ వాడేవారు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయి. వైరింగ్ అంతా కొత్తది వేసేద్దాం, పాతదాన్ని అతుకులతో నమ్మలేం.

కాగితాలు కూడా ఇప్పుడే మొదలుపెట్టు. బావ పేరు మీద ఉన్న బండి వారసుల పేరుకు మారాలంటే ఫారం 31 ఇవ్వాలి. 15 ఏళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలి, ఆపైన అయిదేళ్లకొకసారి. 2021లో వింటేజ్ బండ్లకు వేరే నిబంధనలు వచ్చాయి కానీ, వాటికి 50 ఏళ్లు నిండాలి. మనకు 2032 దాకా ఆ మాటే లేదు. పైగా ఆ రిజిస్ట్రేషన్‌తో రోజూ తిరగడానికి వీలుండదు. నువ్వు దీన్ని ఉండవల్లి నుంచి అమరావతి దాకా కరకట్ట మీద నడపాలని నా కోరిక. ఫ్రేమ్ మీదా ఇంజన్ మీదా ఉన్న నంబర్లను ఎవరూ గీకకుండా, లప్పం పూయకుండా దగ్గరుండి చూసుకో.

ఇంజన్ విప్పబోయే ముందు అమ్మను అడిగి అటక మీద వెతుకు. బావ పనిముట్ల ఆకుపచ్చ రేకు పెట్టె ఉండాలి. అందులో కుడివైపు కరెంటు పుట్టించే రోటర్ ఊడదీసే పొడవాటి బోల్టు ఉంటుంది. ఇద్దరం కలిసి లేత్ మీద చేయించుకున్నాం. అది లేకుండా రోటర్‌ను కొట్టి ఊడదీస్తే క్రాంక్ వంకరపోతుంది. దొరికితే ఫోన్ చేయి, శనివారం పొద్దున్నే బయల్దేరి వస్తాను. దొరక్కపోతే కుడివైపు కవర్ విప్పకుండా అలాగే ఉంచు, కొత్తది చేయించి తెస్తాను.

మీ మామయ్య