షెరిడన్ మీద పీహెచ్‌డీ చేశాను, అమెరికా ఫెలోషిప్ మాలాంటి వాళ్ళకి వస్తుందా?

ప్రశ్న: నమస్తే సర్. గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్తాను, 18వ శతాబ్దపు నాటక రచయిత షెరిడన్ నాటకాల మీద పీహెచ్‌డీ అయింది. కాలిఫోర్నియాలో హంటింగ్టన్ లైబ్రరీ వాళ్ళు పాత ఇంగ్లిష్ నాటకాల మీద పనిచేసే వాళ్ళకి కూడా విజిటింగ్ ఫెలోషిప్ ఇస్తారని మా గైడ్ గారు చెప్పారు. పెద్ద యూనివర్సిటీ పేరు లేకపోతే అసలు పట్టించుకుంటారా? ప్రపోజల్‌లో ఏం రాయాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పకుండా అప్లై చేయండమ్మా. ఇలాంటి లైబ్రరీ ఫెలోషిప్పుల్లో కాలేజీ పేరు కన్నా ముఖ్యం ఇంకోటి ఉంది, మీ పనికి అక్కడున్న కాగితాలే ఎందుకు కావాలి అన్నది. షెరిడన్ హాస్యం గొప్పది అని రెండు పేజీలు రాస్తే ఆ పని కాకినాడలో కూర్చుని కూడా చేసుకోవచ్చు కదా అనుకుంటారు.

మీకు బాగా పనికొచ్చేది లార్పెంట్ కలెక్షన్. 1737లో లైసెన్సింగ్ చట్టం వచ్చాక లండన్‌లో కొత్త నాటకం ఆడాలంటే ముందే రాతప్రతి లార్డ్ చాంబర్లిన్ అనే రాజదర్బారు అధికారి ఆఫీసుకి పంపి పర్మిషన్ తెచ్చుకోవాలి, అభ్యంతరం ఉన్న డైలాగు మీద గీత కొట్టేసేవాళ్ళు. 1778 నుంచి 1824లో చనిపోయేదాకా ఆ ప్రతులు చదివి చూసే ఉద్యోగం జాన్ లార్పెంట్‌ది, అప్పటిదాకా పోగైన దాదాపు 2,500 ప్రతులు చేతులు మారి మారి 1917లో హంటింగ్టన్‌కి చేరాయి.

అందులో మీ షెరిడన్ 'ది రైవల్స్' కూడా ఉంది. 1775 జనవరి 17న కోవెంట్ గార్డెన్‌లో మొదటి రాత్రే ఆ నాటకం దెబ్బతింది, మరీ సాగిందన్నారు, సర్ లూసియస్ పాత్ర ఐరిష్ వాళ్ళని కించపరుస్తోందని గొడవ చేశారు, ఆ వేషం వేసినాయన మీదకి ఎవరో యాపిల్ కూడా విసిరారు. షెరిడన్ ఆపేసి, కోసి, తిరగరాసి 28న మళ్ళీ ఆడించాడు. మనం చదివే పుస్తకం ఆ తిరగరాసిందే, పర్మిషన్ కోసం ముందే పంపిన ప్రతిలో మాత్రం జనం తిప్పికొట్టిన నాటకం అలాగే ఉండిపోయింది.

ఇక్కడే మీకున్న బలం చూసుకోండి. ఇదే నాటకాన్ని కందుకూరి వీరేశలింగం పంతులు గారు 'కల్యాణ కల్పవల్లి'గా తెలుగులోకి తెచ్చారు. లండన్ జనం కోసం షెరిడన్ ఏం మార్చాడు, మన జనం కోసం పంతులు గారు ఏం మార్చారు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను అని రాయండి, ఆ రెండో సగం చేయగలిగే వాళ్ళు అక్కడ చాలా తక్కువ, నాకైతే ఇది చాలా మంచి ప్రాజెక్టు అనిపిస్తోంది.

ఒక్క జాగ్రత్త. ఆ రైవల్స్ ప్రతి ఇదివరకే అచ్చయింది, కలెక్షన్ కూడా స్కాన్ చేసి డబ్బులు కట్టి చూసే డేటాబేస్‌లో పెట్టారు, కాబట్టి రాతప్రతి చదవాలి అంటే సరిపోదు. అతికించిన చీటీలు, చేతిరాతలు, సిరా తేడాలు, కాగితం లాంటివి ఎదురుగా పెట్టుకుని చూడాలని చెప్పండి. లార్పెంట్ భార్య అన్నా డైరీలు 17 సంపుటాలు అక్కడే ఉన్నాయి, ఆవిడ నాటకాలు చూసి, చదివి ఏమనుకుందో రాసుకుంది, మీకు కావాల్సిన ఏళ్ళు ఏవో చెప్పి వాటినీ కలపండి.

డబ్బు విషయం, నెలకింత అని ఇస్తారు, అందులోనే ఇల్లు తిండి చూసుకోవాలి, లైబ్రరీ ఉన్న పాసడెనా పక్కన అద్దెలు మామూలుగా ఉండవు, ఫ్లైట్ ఛార్జీ అందులో కలిసిందా లేదా ముందే అడగండి. వీసా జె-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) అయితే దానికి కావాల్సిన డిఎస్-2019 కాగితం ఆ సంస్థ నుంచే రావాలి. అమెరికా కుదరకపోతే బ్రిటన్‌కి చిన్న రీసెర్చ్ ట్రిప్పుల కోసం చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ ఉంది, అదీ చూడండి.

గడువు సాధారణంగా నవంబర్‌లో ఉంటుంది, రికమెండేషన్ లెటర్ కోసం మీ గైడ్ గారిని ఇప్పుడే అడగండి. గవర్నమెంట్ ఉద్యోగం కాబట్టి ఎన్‌ఓసీకి, సెలవుకి ఫైల్ కదలడానికి టైం పడుతుంది, రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అనుకోకుండా అప్లై చేసిన రోజే ప్రిన్సిపాల్ గారి చెవిన వేయండి.