మేనరికం, పాప మోచేతుల మీద పసుపు గడ్డలు

ప్రశ్న: నెల్లూరు నుంచొచ్చి చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం డాక్టరుగారూ. మాది మేనరికం. పదకొండేళ్ల మా పాపకి మోచేతుల మీద, మడమ వెనక పసుపు గడ్డలొచ్చాయి, టెస్ట్ చేయిస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 560. మాత్రలకి తగ్గట్లేదు, రక్తం వడగట్టాలంటున్నారు. ఇది డయాలసిసా? మా అత్తగారేమో నెయ్యి ఎక్కువ పెట్టానంటున్నారు.

జవాబు: నెయ్యి వల్ల 560 రాదమ్మా, మీ తప్పేం లేదు. మీ ఇద్దరిలోనూ ఒక్కో లోపమున్న జీన్ ఉండి రెండూ పాపకొచ్చినట్టుంది, అందుకే లివర్ రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కోలేకపోతోంది. ఇది డయాలసిస్ కాదు, కిడ్నీలకి సంబంధం లేదు, అఫెరిసిస్ అంటారు. ఒక చేతి నుంచి రక్తం తీసి, ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) వేరుచేసి, ఎల్‌డీఎల్‌ని ఫిల్టర్‌లో పట్టేసి మిగతాదంతా ఇంకో చేతికి ఎక్కిస్తారు, రెండుమూడు గంటలు పడుతుంది, ఆ పూటకి 60-70 శాతం దాకా పడిపోతుంది గానీ మళ్లీ పెరుగుతుంది కాబట్టి వారానికో రెండు వారాలకో చేయించాలి, మాత్రలు మాత్రం ఆపకూడదు. కష్టమే, స్కూలు కూడా పోతుంది, కానీ గుండె రక్తనాళాలు ఈ వయసులోనే పూడుకుపోవచ్చు కాబట్టి వాయిదా వెయ్యొద్దు. ఎకో (గుండె స్కాన్) తీయించి గుండె వాల్వ్ చూపించండి. మీ ఇద్దరూ లిపిడ్ (కొలెస్ట్రాల్) టెస్ట్ చేయించుకోండి, ఇంకో బిడ్డ ఉంటే వాళ్లకీ ఈ వారమే చేయించండి.