మాల తీసిన మరుసటి రోజు

కడప,
ఆదివారం సాయంత్రం

చిన్నోడా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. కొత్త డైరీ, మొదటి పేజీ, వరుసగా నంబర్లు వేసి పదకొండు పనులు, కింద రెండు గీతలు. చేతిరాత మాత్రం మీ నాయనది వచ్చింది నీకు. నాలుగున్నరకు లేవడం, విష్ణు సహస్రనామం, గంట సేపు జిమ్ము, అన్నం మాని సంగటి, నెలకు ఐదు వేలు మ్యూచువల్ ఫండులో సిప్, ప్రతి శనివారం ఒక్కపొద్దు, నెలకొకసారి తిరుమల నడక. మీ అత్తకు చదివి వినిపిస్తే "వీడు ఆఫీసుకు ఎప్పుడు పోతాడంట?" అనింది.

"అనుకున్నదాని మీద నువ్వు ఎట్ల నిలబడినావో రాయి మామా" అని అడిగినావు కాబట్టి రాస్తున్నా. ఫోన్‌లో చెప్తే ఊ కొట్టి పెట్టేస్తావు.

నేను నిలబడింది తరువాత. ముందు ఎన్నిసార్లు పడినానో చెప్తా. 1991లో మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నా. అప్పటికి రోజుకు ఒకటిన్నర పెట్టె సిగరెట్లు కాల్చేవాణ్ణి. మాల మెడలో పడింది, 41 రోజులు ఒక్కటి ముట్టలేదు. నేను కండక్టరుగా ఉన్న ఆర్టీసీ డిపోలో అందరికీ ఆశ్చర్యం, నాకు గర్వం. శబరిమల నుంచి వచ్చి, గుడిలో మాల తీసి, ఇంటికి పోయే దారిలోనే బస్టాండు దగ్గర టీ బంకులో ఆగినా. టీ చల్లారకముందే సిగరెట్టు వెలిగింది. మరుసటి ఏడు కత్తి స్వామిని (రెండోసారి మాల వేసినవాణ్ణి అట్ల అంటారు), ఆ పై ఏడు గంట, ఆ తరువాత గద. నాలుగేళ్లూ అదే బంకు. బంకు అతను నన్ను చూడగానే అడగకుండానే పెట్టె తీసేవాడు.

అప్పుడు రాయచోటి బస్సులో నాతో డ్యూటీ చేసిన డ్రైవరు ఒక భాయ్. రంజాన్ నెల మొత్తం రోజా, అంటే ఉపవాసం, ఉండి బండి నడిపేవాడు. 1996లో అనుకుంటా, పండుగ అయిపోయింది, సేమియా పాయసం కూడా తెచ్చిపెట్టినాడు. నాలుగు రోజుల తరువాత రాయచోటి దారిలో గువ్వలచెరువులో బండి ఆపితే మళ్లీ టీ వద్దన్నాడు. "పండుగ అయిపాయ గదా భాయ్" అన్నా. రంజాన్ తరువాత వచ్చే షవ్వాల్ నెలలో ఇంకో ఆరు రోజాలు ఉంటాయని అప్పుడు చెప్పినాడు. "ఆ ముప్పై అందరితో పాటు ఉన్నా. ఈ ఆరూ ఎవరూ చూడరు" అని గేరు వేసినాడు.

ఆ మాట ఘాట్ రోడ్డు దిగే దాకా నా చెవుల్లోనే ఉంది. మాల వేసుకున్నప్పుడు నన్ను నేను కాపాడుకోవడం లేదు, ఊరంతా కాపాడుతూ ఉంది. నల్ల బట్టలు చూసి ఎవడూ సిగరెట్టు ఇవ్వడు. పసిపిల్లలు కూడా "స్వామీ" అంటారు. పూజ టైము, భోజనం టైము, పడక, అన్నీ ముందే ఖాయం. రోజూ కొత్తగా నిర్ణయం తీసుకునే పని లేదు. మాల తీసిన క్షణం ఆ కావలి మొత్తం పోతుంది. నేను మాత్రం ఆ రోజుకు ఏమీ సిద్ధం చేసుకోలేదు. నీ డైరీ కూడా అట్లే ఉంది. పదకొండు పనులు ఎట్ల మొదలుపెట్టాలో ఉంది. ఉత్సాహం చల్లారిన రోజు ఏం చేస్తావో ఎక్కడా లేదు.

మరుసటి ఏడు మాల తీసినా గానీ మాల నియమాల్లో ఒక్కటి నా దగ్గర పెట్టుకున్నా. తెల్లవారి స్నానం చేసి దీపం పెట్టడం. అంతే. ఫస్ట్ సర్వీసు డ్యూటీ, నాలుగు గంటలకే లేస్తా. అంతకుముందు ఆ టైములో టీతో పాటు మొదటి సిగరెట్టు కాల్చేవాణ్ణి. దీపం వెలిగించిన అగ్గిపుల్లతోనే అది వెలిగించడానికి మనసు ఒప్పలేదు. డిపోకు పోయినాక కాల్చేవాణ్ణి. కొన్నాళ్లకు దాన్ని గువ్వలచెరువు దాకా నెట్టినా. ఇంకొన్నాళ్లకు రాయచోటి బస్టాండు దాకా. ఇట్ల స్టేజీ స్టేజీకి జరుపుతూ రెండేళ్లు పట్టింది. 1999 ఉగాది నుంచి లేదు. ఆ రెండేళ్లలో ఎన్నిసార్లు జారినానో లెక్క లేదు, కానీ దీపం మాత్రం ఆపలేదు. జారిన రోజు కూడా పెట్టినా. అదే పట్టు దొరికింది నాకు.

కాబట్టి భక్తి విషయంలో నీ లిస్టులో నాలుగు ఉన్నాయి, మూడు కొట్టేయి. సహస్రనామం నిదానంగా చదివితే అరగంట పడుతుంది. నీకింకా నోరు తిరగదు. పది నిమిషాల్లో పరుగెత్తించి చదివి ఏం లాభం? దీపం పెట్టు, ఒక్క శ్లోకం చెప్పుకో. నెలకొకసారి తిరుమల అంటే చార్జీలు, సెలవు, పాపను ఎవరి దగ్గర వదలాలనే టెన్షను. తిరుమలకు తొలి గడప మన దేవుని కడప వెంకన్న గుడే కదా, నెలకొక శనివారం ఇక్కడికి రా. నాకూ నిన్ను చూసినట్టు ఉంటుంది. ఉగాది రోజు వస్తే ముస్లిం ఇంటి ఆడవాళ్లు కూడా కొబ్బరికాయతో లైన్లో కనబడతారు, వెంకన్నను పెళ్లాడిన బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని. పాపకు చూపించు.

మన తాళ్లపాక అన్నమయ్యనే తీసుకో. పదహారో ఏట, 1424లో మొదలుపెట్టి 1503లో కన్ను మూసే దాకా రోజుకొకటికి తగ్గకుండా కీర్తన పాడినాడని చెబుతారు. మొత్తం 32 వేలు అంటారు. నాది కండక్టరు బుద్ధి కదా, లెక్క వేసినా. 79 ఏళ్లకు పంచితే రోజుకు ఒకటీ, కొంచెం పైన. అంతే. రోజుకు పది రాయాలని ఆయన డైరీలో రాసుకోలేదు.

ఇక డబ్బు. ఇక్కడ నిన్ను కొంచెం తిట్టాలి.

పాప మొదటి పుట్టినరోజు ఫంక్షన్ హాల్లో చేసి లక్షన్నర అప్పు చేసినావు, నూటికి రెండు రూపాయల వడ్డీకి. మీ అమ్మ చెప్పింది, ఆమెను ఏమీ అనొద్దు. రెండు రూపాయలంటే చిన్నగా వినపడుతుంది. ఏడాదికి నూటికి 24. నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు వడ్డీకే పోతా ఉంది, అసలు అట్లే ఉంది. ఇంకో పక్క నెలకు ఐదు వేలు సిప్ అంటావు. ఏ మ్యూచువల్ ఫండూ ఏటా 24 శాతం ఇస్తానని రాసివ్వదు. కుండకు అడుగున చిల్లి పెట్టుకుని పైనుంచి నీళ్లు పోస్తున్నట్టు ఉంది. సిప్ ఆపు. ఆ ఐదు వేలు, ఇప్పుడు కట్టే మూడు వేలు కలిపి ఎనిమిది వేలు ప్రతి నెలా కదలకుండా కట్టు. వడ్డీ తగ్గేకొద్దీ మిగిలింది అసలుకు పోతుంది. 24 నెలల్లో తీరిపోతుంది, నేను కాగితం మీద నెల నెలా వేసి చూసినా. కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక చెల్లు వేయించు, తేదీతో. నోటి మాట మీద వదిలితే రేపు అప్పిచ్చినాయన వడ్డీ కింద జమ వేసుకున్నా అంటాడు.

ఈ అప్పు సంగతి అమ్మాయికి, అదే నీ భార్యకు, తెలుసా? తెలియకపోతే నీ డైరీలో మొదటి పని అదే. ఇంట్లో దాచిన అప్పు ఉన్నవాడు ఖర్చు తగ్గించలేడు. ఎందుకు తగ్గిస్తున్నాడో చెప్పుకోలేడు కదా.

నా జీతంలో నేను మిగిల్చింది ఏమైనా ఉందంటే అది నా చేతికి రాకముందే పోయింది. ఆర్టీసీలో మాకు సీసీఎస్ ఉండేది, ఉద్యోగుల పరపతి సంఘం. జీతంలోనే కట్ అయ్యేది. ఆ డబ్బుతోనే ఇంటి స్లాబు పడింది. చేతికి వచ్చింది మాత్రం నేను తెలివిగా పెట్టాలని చూసినా. 2003లో మా వీధిలో ఒకాయన నడిపే చిట్టీలో వేసినా, ఎక్కువ వస్తుందని. రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసినాడు, అరవై వేలు పోయింది. మీ అత్త ఇప్పటికీ ఆ వీధిలో నడవదు. అందుకే చెప్తున్నా, అప్పు తీరినాక ఆ ఎనిమిది వేలు నీ ఖాతాలో ఒక్క రోజు కూడా ఉండకూడదు. జీతం పడిన మరుసటి రోజే దానంతట అది పోయేటట్టు బ్యాంకులో రాసివ్వు. పీపీఎఫ్‌లో అదే ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతాలో వేసేటట్టయితే ఐదో తేదీ లోపల పడాలి. ఐదో తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న అతి తక్కువ నిల్వ మీదే ఆ నెల వడ్డీ వేస్తారు, ఆరో తేదీ వేస్తే ఆ డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. పాప పేరుతో తెరిచిన సుకన్య పొదుపు ఖాతా మాత్రం ఇప్పుడు కూడా ఆపొద్దు. ఏడాదికి 250 కట్టినా అది బతికి ఉంటుంది.

ఒళ్లు సంగతి. జిమ్ములో ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తారంట. కట్టొద్దు. మనిషి ఎట్లా రాడని తెలిసే తగ్గిస్తారు వాళ్లు.

నాకు 2009లో షుగరు బయటపడింది. డాక్టరు నడవమన్నాడు. నేను ఏం చేసినా? పన్నెండు వందలు పెట్టి బూట్లు కొని, మొదటి రోజే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో ఎనిమిది రౌండ్లు కొట్టినా. మోకాలు వాచి పది రోజులు మంచం. మళ్లీ మొదలుపెట్టినప్పుడు పదిహేను నిమిషాలే, అదీ పాత చెప్పులతో. పెద్దవాళ్లకు వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. రోజుకు అరగంట, ఐదు రోజులు, రెండు రోజులు సెలవు కూడా. దాంతో పాటు వారానికి రెండు రోజులు ఇంట్లోనే బస్కీలు, దండీలు తియ్యి, మీ తాత తీసినట్టు. మన వైపు ఎండాకాలం ఏడు దాటితే నడవలేవు, కాబట్టి దీపం పెట్టి అట్లే చెప్పులేసుకుని బయటపడు. ఒకదాని తోక ఇంకోదానికి కట్టు. వర్షం వచ్చిన రోజు, పాపకు జ్వరం వచ్చిన రోజు, వీధి చివరి దాకా పోయి రా, ఐదు నిమిషాలు. అది కూడా నడక కిందే రాసుకో.

సంగటి తింటే ఏమీ కాదనుకోవద్దు. దాంట్లో బియ్యం కూడా వేస్తారు, పైగా మన ముద్ద సైజు చిన్నదా? నాటుకోడి పులుసు ఉంటే రెండో ముద్ద తెలియకుండానే పోతుంది. ముద్ద సగం చెయ్యి. రోజూ బరువు చూసుకుని దిగులు పడొద్దు. మీ నాయనకు షుగరు ఉంది కాబట్టి హెచ్‌బీఏ వన్‌సీ పరీక్ష చేయించుకో, అది దాదాపు మూడు నెలల షుగరు సగటు చెబుతుంది. ముందు రోజు పస్తుండి దాన్ని మోసం చేయలేవు.

ఒక్కటి మిగిలింది, నేను ఉద్యోగంలో నేర్చుకున్నది. మిషన్లు రాకముందు టికెట్ల ట్రే పట్టుకుని తిరిగేవాళ్లం. ప్రతి స్టేజీకి ఎస్ఆర్, అంటే టికెట్ల లెక్క కాగితం, క్లోజ్ చేయాలి. ఏ టికెట్టు ఏ నంబరు దాకా తెగిందో రాసి గీత కొట్టాలి. జనం కిక్కిరిసి ఉన్నారు, రెండు స్టేజీలు కలిపి తరువాత రాద్దాంలే అనుకుంటే, సరిగ్గా అప్పుడే చెకింగ్ వాళ్లు ఎక్కేవాళ్లు. లెక్క తప్పడం కంటే లెక్క రాయకపోవడానికే ఎక్కువ మెమోలు పడేవి. నువ్వు డిసెంబరులో డైరీ తెరిచి చూసుకుంటే అదే అవుతుంది. ప్రతి ఆదివారం రాత్రి పది నిమిషాలు, మూడు లైన్లు. దీపం ఎన్ని రోజులు, నడక ఎన్ని రోజులు, అప్పు ఎంత మిగిలింది. తప్పిన వారం సున్నా రాయి, గీత కొట్టు, తరువాతి స్టేజీ మొదలుపెట్టు. సున్నాను సరిచేయడానికి మరుసటి వారం రెండింతలు చేయొద్దు. మోకాలు వాచేది అక్కడే.

వచ్చే శనివారం రా. దేవుని కడపకు పోయి, తరువాత ఇంట్లో కూర్చుని నీ అప్పు కాగితం చూద్దాం. ఎవరికి ఎంత ఇచ్చినావో, ఏ తేదీన ఇచ్చినావో గుర్తున్నంత రాసుకుని రా. అమ్మాయినీ పాపనూ తీసుకురా. దారిలో గువ్వలచెరువులో బస్సు ఆగుతుంది, కోవా కొనాలని చెయ్యి లాగుతుంది. నాకు వద్దు. మీ అత్తకు కావాలంట, ఆమెకు సరిపోయేంత కొను.

మీ మామ