మీ ప్రశ్న – మా సమాధానం: అండమాన్ దీవుల్లో తాబేళ్ల సేవ

ప్రశ్న: మేము శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ మూడో సంవత్సరం జువాలజీ చదువుతున్నాము. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్న 24 మందిమి డిసెంబరు చివరి వారంలో అండమాన్ దీవులకు పది రోజుల సేవాయాత్ర వెళ్లాలనుకుంటున్నాము. విశాఖపట్నం నుంచి ఓడలో వెళ్లి హేవ్‌లాక్, నీల్, బారాటాంగ్, రంగత్, డిగ్లీపూర్ చూసి, మధ్యలో రెండు రోజులు సముద్రతీరం శుభ్రం చేసి, తాబేలు పిల్లలను సముద్రంలోకి వదలాలన్నది మా ఆలోచన. ఊళ్లో సేకరించిన బట్టలు, బిస్కెట్లు దారిలో జరావా తెగవారికి పంచాలని కూడా అనుకున్నాము. మా ప్రణాళికలో మార్పులేమైనా అవసరమా?
— ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, ముందుగా ఆ బట్టల మూట సంగతి చెప్పాలి. దాన్ని ఇంటి దగ్గరే ఉంచి వెళ్లండి. మీ ఉద్దేశం మంచిదే, అందులో సందేహం లేదు. కానీ జరావాలకు బయటివారు ఏదైనా ఇవ్వడం, వారి కోసం బండి ఆపడం, వారిని ఫొటో తీయడం చట్టం నిషేధించిన పనులు. 1956లో వచ్చిన ఆదిమ తెగల రక్షణ నిబంధనలను 2012లో మరింత కఠినం చేశారు. వాటిని మీరితే జైలుకు వెళ్లవలసి వస్తుంది. ఈ కఠినత్వానికి వెనుక పెద్ద దుఃఖమే ఉంది. 1858లో ఆంగ్లేయులు అక్కడ ఖైదీల వలస స్థాపించే నాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులనే మరో ఆదిమ తెగవారు, బయటివారు తెచ్చిన తట్టు వంటి జబ్బులకు తట్టుకోలేక పోగా పోగా, నేడు యాభై మంది చిల్లరగా మిగిలారు. జరావాలు తమంతట తాము అడవి దాటి బయటికి రావడం మొదలుపెట్టింది 1998 ప్రాంతంలో. మరుసటి సంవత్సరమే వారిలో తట్టు వ్యాపించింది. మనకు వచ్చిపోయే దగ్గు, జలుబు వారికి ప్రాణాంతకం కావచ్చు. జరావాల అడవికి ముందున్న జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రం దగ్గర బళ్లన్నిటినీ ఆపి, నిర్ణీత వేళల్లో వరుసగా, పోలీసు కాపలాతో ఆ అడవి దాటిస్తారు. ఆ దారిలో కిటికీ అద్దాలు మూసుకుని, ఫోన్లు సంచుల్లో పెట్టుకుని కూర్చోవడమే మీరు వారికి చేయగల మేలు.

ఇక రోజుల లెక్కకు వద్దాము. విశాఖ నుంచి ఓడ ప్రయాణం దాదాపు రెండున్నర రోజులు. రానూ పోనూ అయిదు రోజులు నీటి మీదే గడుస్తాయి. మిగిలిన అయిదు రోజుల్లో అయిదు చోట్లు, అందులోనూ రాజధాని పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్‌కు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు, మధ్యలో మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సుతో సహా ఫెర్రీ ఎక్కి దాటవలసిన పాయ. ఇలా వెళ్తే మీరు బస్సు కిటికీనే చూసి వస్తారు. పైగా విశాఖ ఓడ చెన్నై, కోల్‌కతా ఓడలంత తరచుగా ఉండదు, వాతావరణాన్ని బట్టి తేదీలు మారుతుంటాయి కూడా. సేవ అన్న మాటకు న్యాయం చేయాలంటే 24 మంది బదులు పది పన్నెండు మంది, పది రోజుల బదులు మూడు వారాలు, అయిదు చోట్ల బదులు ఒకే చోటు అన్నది నా సలహా. మూడు వారాలు కుదరకపోతే యాత్రను వేసవికి వాయిదా వేయవద్దు. మే నుంచి అక్కడ వానలు మొదలవుతాయి, సముద్రం మాట వినదు. వచ్చే శీతాకాలానికి జరపండి.

ఒకే చోటు అన్నాను కాబట్టి ఏది అని అడుగుతారు. మధ్య అండమాన్‌లో రంగత్ దగ్గరి కత్‌బర్ట్ బే తీరం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు శీతాకాలంలో అక్కడికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అయితే మీరు తలపెట్టిన తేదీల్లో ఒక చిక్కుంది. గుడ్డు పెట్టిన తరువాత పిల్ల బయటికి రావడానికి ఇసుక వేడిమిని బట్టి 45 నుంచి 60 రోజులు పడుతుంది. డిసెంబరు చివర వెళితే తల్లులు కనిపిస్తాయేమో గానీ పిల్లలను సముద్రంలోకి వదిలే కోరిక తీరదు. అది తీరకపోయినా మంచిదేనని నేననుకుంటాను. పిల్ల గూటి నుంచి నీటి దాకా తన రెక్కలతో తానే పాకాలి. ఆ పాకడంలోనే దానికి దిక్కు తెలుస్తుందని శాస్త్రవేత్తల భావన. దాన్ని అరచేతిలోకి తీసుకుని ఫొటో దిగి కెరటంలో విడవడం వల్ల ఆనందం మనకే.

తల్లి తాబేలు దగ్గర ఎలా ఉండాలో చెప్పడానికి నా అనుభవమొకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట మన కోస్తాలోనే ఒక తీరంలో, ఒక విద్యార్థి బృందంతో రాత్రి నడకకు వెళ్లాను. కెరటం వెనక్కి తీసినప్పుడు తడి ఇసుక మీద నల్లటి రాయిలా ఒకటి మిగిలింది. కాసేపటికి ఆ రాయి కదిలింది. నాలుగడుగులు పాకి ఆగి, మెడ ఎత్తి చూసి, మళ్లీ పాకుతోంది. మాలో ఒకరు ఉత్సాహం పట్టలేక ఫోన్ టార్చి వేశారు. అంతే, అది అక్కడికక్కడే తిరిగి నీళ్లలోకి వెళ్లిపోయింది. ఎంత దూరం నుంచి ఈదుకుంటూ వచ్చిందో తెలియదు. ఆ అబ్బాయి తెల్లవారే దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. రెండు గంటల తరువాత, మరో తాబేలో అదే తాబేలో చెప్పలేను, పొడి ఇసుక దాకా వచ్చింది. మేము దాని వెనుక బోర్లా పడుకుని కదలకుండా చూశాము. వెనుక రెక్కలను గరిటెల్లా వాడి, ఒకదాని తరువాత ఒకదానితో ఇసుక తోడి, కూజా ఆకారంలో గుంత చేసింది. గుడ్లు రెండేసి, మూడేసి జారిపడుతున్నాయి, పింగ్‌పాంగ్ బంతులంత, జిగురుతో మెరుస్తూ. కంట్లోంచి నీరు కారుతోంది. ఒంట్లోని ఉప్పు అలా బయటికి పోతుందని పుస్తకాల్లో చదివిన వాళ్లమే, అయినా ఆ క్షణాన ఎవరికీ పుస్తకం గుర్తు రాలేదు. నూరుకు పైగా గుడ్లు పెట్టి, గుంత పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఇసుకను దిమ్మిస వేసినట్లు గట్టిచేసి వెళ్లింది. శ్రీకూర్మం పక్కనే పెరిగిన మీకు కూర్మం అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. కానీ ఆ చప్పుడు, పొట్ట ఇసుకకు తగిలే ఆ దబ్ దబ్ చప్పుడు వినాలంటే చీకటిలో, మాట్లాడకుండా ఉండాలి. అలా ఉండగలవారినే మీ బృందంలోకి తీసుకోండి.

మరి చేయవలసిన పని ఏది? ఎక్కువ భాగం రాత పని. రాత్రంతా తీరం వెంట నడిచి, ఇసుకలో రెక్కల జాడ చూసి, ఎక్కడ ఎక్కింది, గూడు పెట్టిందా, పెట్టకుండా తిరిగిపోయిందా, కుక్కలో పందులో తవ్వాయా అన్నది పుస్తకంలో నమోదు చేయడం. గుడ్లను హేచరీకి, అంటే కాపలా ఉంచి పొదిగించే చోటికి, తరలించడం శిక్షణ పొందినవారి పని. పెట్టిన కొద్ది గంటల్లోపే, కుదుపు లేకుండా, తిరగబడకుండా మార్చకపోతే లోపలి పిండం చనిపోతుంది. ఆ పనికి మీరు చేయి చాచవద్దు, బుట్ట పట్టుకోమంటే పట్టుకోండి. ఇలాంటి రాత పని ఏళ్ల తరబడి సాగినందువల్లనే తాబేళ్ల గురించి ఈ రోజు ఇంత తెలిసింది. లిటిల్ అండమాన్‌లో గుడ్లు పెట్టిన లెదర్‌బ్యాక్ తాబేళ్లకు పరిశోధకులు ఉపగ్రహ పరికరాలు అమర్చి చూస్తే, కొన్ని ఆస్ట్రేలియా పడమటి తీరం వైపు, మరికొన్ని హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా తూర్పు తీరం వైపు వెళ్లాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో కొట్టుకుపోయిన తీరాలు మళ్లీ ఇసుక కట్టుకున్నాయని, తాబేళ్లు తిరిగి వస్తున్నాయని తెలిసినదీ ఏటేటా లెక్క రాసినవారి వల్లనే. చెన్నైలో విద్యార్థులు 1988లో మొదలుపెట్టిన సముద్ర తాబేళ్ల సంరక్షణ బృందం ఇప్పటికీ ప్రతి సీజన్‌లో రాత్రి నడకలు సాగిస్తోంది. చదువు ముగించి వెళ్లినవారి స్థానంలో కొత్తవారు వస్తున్నారు. కాబట్టి మీరు బయలుదేరే ముందే మీ జూనియర్లలో వచ్చే ఏడాది ఎవరు వెళతారో అనుకుని, మీ పుస్తకం వారికి అందేలా చూడండి.

ఇంకొక విషయం మీ ఉత్తరంలో లేదు గానీ, మీకు మాత్రమే సాధ్యమైనది అదేనని నాకు అనిపిస్తోంది. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగు. రాజధానిలోని జంగ్లీఘాట్ రేవులో నిలబడితే మీ ఊరి యాసే వినిపిస్తుంది; శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. బెంగళూరు నుంచో ఢిల్లీ నుంచో వచ్చిన పరిశోధకుడికి ఆ పెద్దలతో దుబాసీ కావాలి. మీకు అక్కరలేదు. వలలో తాబేలు పడితే ఏం చేస్తారు, ముందు ఎక్కడ ఎక్కువ కనిపించేవి, ఏ నెలలో ఏ గాలికి వచ్చేవి అని వారి అరుగు మీద కూర్చుని అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. అక్కడి తెలుగు పిల్లలకు వారి బడిలో ఒక పూట తాబేలు కథ చెప్పండి. బట్టల మూట కన్నా ఇది విలువైన కానుక.

తీరం శుభ్రం చేయడం గురించి రెండు మాటలు. అక్కడ ఒడ్డుకు కొట్టుకొచ్చే సీసాల మీద థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియా లేబుళ్లు కూడా కనిపిస్తాయి. మన చెత్త ఒక్కటే కాదు. ఏరడం తేలిక, ఏరినది ఎక్కడికి పోతుందన్నదే అసలు సమస్య. స్థానిక పంచాయతీ బండి వచ్చి తీసుకెళ్తుందని ముందుగా ఖాయం చేసుకోకుండా సంచులు నింపి గట్టున పెట్టి రావద్దు. గూళ్లున్న ఇసుకలో గునపం, దంతె వాడకూడదు. చేత్తోనే, పగటిపూటే ఏరాలి.

అనుమతుల కోసం మీ ప్రిన్సిపాల్ గారి ద్వారా అండమాన్ అటవీశాఖకు మూడు నెలల ముందే రాయండి. వండూరులో చాలాకాలంగా పనిచేస్తున్న అండమాన్ నికోబార్ ఎన్విరాన్‌మెంట్ టీంకు కూడా రాసి, మీ వల్ల వారికి ఏ పని జరుగుతుందో అడగండి. ఈ ఏడాది అవసరం లేదని వారు చెబితే ఆ మాటను గౌరవించండి. పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అన్నారు, హేవ్‌లాక్, నీల్ దీవులు 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, శహీద్ ద్వీప్ అయ్యాయి. రెండు పేర్లూ గుర్తుంచుకుంటే మంచిది.

ప్రశ్న: మా అమ్మాయి కళాశాల వారితో అండమాన్‌కు వెళతానంటోంది. ఓడ, మొసళ్లు, అడవి అంటే మాకు భయంగా ఉంది. పంపవచ్చా?
— ఒక తల్లి, కాకినాడ

సమాధానం: పంపవచ్చు, అయితే మీరు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఓడలో మొదటి రోజు వాంతులు, తల తిరగడం చాలామందికి తప్పదు. ముందే డాక్టరు గారి దగ్గర మాత్రలు రాయించుకుని, కడుపు మరీ ఖాళీగా ఉంచకుండా, గాలి తగిలేలా డెక్ మీద కూర్చుంటే సర్దుకుంటుంది. మొసళ్ల భయం మాత్రం ఉత్తది కాదు. అక్కడ ఉప్పునీటి మొసళ్లు మడ అడవుల్లోనే కాక అప్పుడప్పుడు తీరాల్లోనూ కనిపిస్తాయి. 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, పాయలు సముద్రంలో కలిసే చోట, చీకటి పడ్డాక నీళ్లలో దిగకూడదన్న నియమాన్ని బృందం కచ్చితంగా పాటిస్తుందా అని అడగండి. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదు దాటగానే పొద్దు గుంకుతుంది, ఇది మనవాళ్లు లెక్క తప్పే విషయం. దోమతెర, నిండు చేతుల చొక్కా, ఇసుక ఈగలకు పూతమందు సర్దండి. ఆడపిల్లలకు తోడుగా అధ్యాపకురాలు ఉన్నారా, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, ఫోన్ అందని రోజుల్లో కబురు ఎవరి ద్వారా వస్తుంది అన్న మూడు ప్రశ్నలకు నిర్వాహకులు తడుముకోకుండా జవాబు చెబితే నిశ్చింతగా పంపండి. తడుముకుంటే ఈసారికి ఆపండి.

ప్రశ్న: అండమాన్ వెళ్లే మా విద్యార్థుల చేత కళాశాల మ్యూజియానికి గవ్వలు, పగడపు ముక్కలు తెప్పించుకోవచ్చా? చచ్చి ఒడ్డున పడినవే తెమ్మంటాము.
— ఒక అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: వద్దండీ. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులితో సమానంగా ఉన్నాయి; చచ్చినదా బతికినదా అన్న తేడా లేదు. విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసినప్పుడు దొరికితే విద్యార్థి మీదే కేసు పడుతుంది. పైగా మనకు ఖాళీ గవ్వగా కనిపించేది సన్యాసి పీతకు ఇల్లు. ఒంటి మీద గవ్వ చాలక, ప్లాస్టిక్ మూతను మోసుకుని తిరిగే పీతలు ఇప్పుడు చాలా తీరాల్లో కనిపిస్తున్నాయి. పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో, తేదీ, చోటు, పోటు సమయం రాసిన చీటీ తెమ్మనండి. మీ మ్యూజియంలో అద్దాల పెట్టె ఖాళీగా ఉంటే, అందులో ఆ నమోదు పుస్తకమే పెట్టండి.