ప్రమాదాల గ్రాఫులు గీస్తే ప్రమాదాల కారణాలు తెలుస్తాయా?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి విమాన ప్రమాదాల డేటా తీసుకున్నాను, ఏ చార్టులు వేస్తే కారణాలు బయటపడతాయి అని అడిగారు. నేనూ ఇదే పని చేసి బోర్లా పడ్డవాణ్ణే కాబట్టి అదే చెప్తాను.

డేటా ఎనలిటిక్స్ కొత్తగా నేర్చుకునే రోజుల్లో అమెరికాలో రవాణా ప్రమాదాలను దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ వాళ్ల డేటా దించుకున్నాను. 1962 నుంచి జరిగిన ప్రమాదాలుంటాయి అందులో. శుభ్రం చేయడానికే మూడు రోజులు పట్టింది. చిన్న విమానాలు తయారుచేసే సెస్నా కంపెనీ పేరు ఒక వరసలో అన్నీ పెద్దక్షరాలు, ఇంకో వరసలో మొదటిదొక్కటే పెద్దక్షరం. కంప్యూటరుకి అవి రెండు కంపెనీలు! అది సర్దాక సెస్నా బార్ ఆకాశానికంటింది. మ్యాపులో ఫ్లోరిడా, కాలిఫోర్నియా ఎర్రగా మండిపోతున్నాయి. నెలలవారీగా చూస్తే ఎండాకాలంలో గుట్టలా పైకి లేచింది. ఏదో కనిపెట్టేశానని ఒకటే సంబరం.

మా అపార్ట్‌మెంట్‌లో ఎయిర్‌లైన్ సేఫ్టీ విభాగంలో చేసి రిటైరైన అంకుల్ ఉండేవారు. ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి చూపించాను. కాసేపు చూసి, "ఇది ప్రమాదాల మ్యాపు కాదు నాయనా, ఎగిరేవాళ్ల మ్యాపు" అన్నారు.

నిజమే. సెస్నా 172 ప్రపంచంలోకెల్లా ఎక్కువగా తయారైన విమానం, 44,000 పైచిలుకు. వేసవిలో సొంత విమానాలవాళ్లు ఎక్కువ తిరుగుతారు. ఎగిరిన గంటలతో భాగించకపోతే ఆ బార్లకి అర్థం లేదు. అంతకంటే పెద్ద లోపం, నా దగ్గర క్షేమంగా దిగిన విమానం ఒక్కటీ లేదు.

దీనికి ఆయన, కూలిపోయిన అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ సంగతి చెప్పారు (అది విమానం కాదులెండి, అయినా పాఠం అదే). 1986 జనవరిలో ప్రయోగం ముందు రోజు రాత్రి ఇంజనీర్లు రాకెట్ అతుకుల్లోంచి వేడి వాయువు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోతాయేమోనని వాదించారు. కానీ రింగులు దెబ్బతిన్న ప్రయోగాలను మాత్రమే చూస్తే 53 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరా దెబ్బే, 75 దగ్గరా దెబ్బే. చలికీ దానికీ సంబంధం లేనట్టే ఉంటుంది. ఏ దెబ్బా తగలని ప్రయోగాల చుక్కలు కూడా పెట్టి చూడండి. 65 డిగ్రీల కంటే చల్లగా ఉన్న నాలుగింటిలో నాలుగూ దెబ్బతిన్నాయి, వెచ్చగా ఉన్న 20లో మూడే. ఆ చార్టు ఆ రాత్రి ఎవరి ముందూ లేదు. ఏడుగురు పోయారు.

తర్వాత ఆయన ఒక ఏ4 కాగితం అడ్డంగా పెట్టి, వెయ్యి అడుగులకి అంగుళం లెక్కన రెండు గీతలు గీశారు, దిగుతూ రన్‌వే దాటిపోయి కూలిన రెండు విమానాలవి. ఒకటి మంగళూరు, 2010. రన్‌వే 8,033 అడుగులు, చక్రాలు తాకింది మొదలు నుంచి 5,200 దగ్గర. రెండోది కోళిక్కోడ్, 2020. రన్‌వే 8,858, తాకింది 4,438 దగ్గర, పైగా వాన, వెనక నుంచి గాలి. తాకాల్సింది మొదటి మూడో వంతులో. రెండింటిలోనూ పక్క పైలట్ దిగొద్దు, మళ్లీ పైకి లేపుదాం అన్నాడు. రెండు చోట్లా చివర్లో లోయ. ఆ పెన్ను గీతలు చూశాక నా రంగుల డాష్‌బోర్డు మళ్లీ తెరవబుద్ధి కాలేదు.

అసలు నివారణ జరిగేది ఇక్కడే. ఎయిర్‌లైన్లు ప్రతి ఫ్లైట్ రికార్డరు డేటా తీసి ఇలాంటి గీత మీద ప్రతి ల్యాండింగునీ చుక్కగా పెట్టుకుంటాయి. దీన్నే ఫోక్వా అంటారు. వేలాది చుక్కల గుంపు నెలనెలా ముందుకి జరుగుతుంటే, ఇంకా ఏమీ జరక్కముందే తెలిసిపోతుంది. ఇందులోనూ ఒక చిక్కుంది. గట్టిగా దిగిన ల్యాండింగులకే ఎర్ర రంగు పెట్టి పిలిచి మందలిస్తే, పైలట్లు మెత్తగా దించాలని రన్‌వే మీద తేలుతూ పోయి దూరంగా చక్రాలు తాకిస్తారు. అప్పుడు ఒక చార్టు బాగుపడి, పక్క చార్టు పాడవుతుంది. రెండూ ఒకే కాగితం మీద చూడాలి అనేవారు ఆయన.

స్టూడెంట్‌కి ఫోక్వా డేటా ఇవ్వరు. ఓపెన్‌స్కై నెట్‌వర్క్ అనే వెబ్‌సైట్‌లో ఏడీఎస్-బీ డేటా, అంటే విమానాలు తామెక్కడున్నామో, ఎంత ఎత్తు, ఎంత వేగమో రేడియోలో పంపే సమాచారం, చూడండి. చక్రాలు ఎక్కడ తాకాయో అందులో సరిగ్గా తేలదు గానీ, వెయ్యి అడుగుల ఎత్తులో వేగం, దిగే రేటు తెలుస్తాయి. ఒకే ఎయిర్‌పోర్టు, ఒకే రన్‌వే, ఒక నెల తీసుకోండి చాలు. క్షేమంగా దిగినవన్నీ బూడిద రంగులో గీసి, వాటి మీద తేడాగా వచ్చిన వాటిని పెట్టండి. ప్రపంచ పటం మాత్రం వద్దు.