జివాగోకు దొరకని వ్యవధి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా పఠన బృందంలో తొమ్మిదిమంది స్త్రీలం కలిసి బోరిస్ పాస్టర్నాక్ నవల ‘డాక్టర్ జివాగో’ను ఇంగ్లీషు అనువాదంలో చదివాం. పుస్తకం అట్ట మీద ‘నియంతృత్వపు నీడలో ఒక మహత్తర ప్రేమకథ’ అన్న అర్థం వచ్చే మాట ఉంది. కట్టుకున్న భార్యను, కన్న పిల్లలను వదిలి మరో స్త్రీతో కాపురం చేసినవాడి కథ మహత్తర ప్రేమకథ ఎలా అవుతుందని మాలో సగంమంది అడిగారు. నేను సమాధానం చెప్పలేకపోయాను. మీరేమంటారు?
(ఒక పాఠకురాలు, తిరుపతి)

సమాధానం: మీ బృందంలో వచ్చిన అభ్యంతరం సరైనదే. దాన్ని రచయిత కూడా ఎక్కడా కప్పిపుచ్చలేదు. జివాగో భార్య తోన్యా దేశ బహిష్కరణకు గురై, పిల్లలతో, తండ్రితో పారిస్‌కు వెళ్లిపోతూ రాసిన ఉత్తరాన్ని మరోసారి తీసి చదవండి. తాను భర్తను ప్రేమిస్తున్నాననీ, అతడు తనను ప్రేమించడం లేదనీ, ఆ లోటుకు కారణం తనలో ఏముందోనని వెతుక్కుంటున్నాననీ ఆమె అందులో రాస్తుంది. ఆ ఉత్తరాన్ని ఇంత నిండుగా రాసిన రచయిత తోన్యాకు జరిగిన అన్యాయాన్ని గుర్తించలేదని ఎవరూ అనలేరు. చివరి సంవత్సరాల్లో జివాగో మాస్కోలో మరీనా అనే మూడో స్త్రీతో కలిసి ఉంటాడు, వారికీ ఇద్దరు ఆడపిల్లలు పుడతారు. అతణ్ని ఆదర్శపురుషుడిగా నిలబెట్టాలని అనుకున్న రచయిత ఇవన్నీ రాసి ఉండడు.

అయితే మీ చర్చలో ఒక ఘట్టం జారిపోయిందేమోనని నా అనుమానం. మీరన్న ఆ మరో స్త్రీ, లారాతో యూర్యాతిన్ పట్టణంలో సంబంధం ఏర్పడిన తరువాత జివాగో అపరాధభావంతో కుమిలిపోతాడు. ఇక ఆమెను కలవకూడదనీ, తోన్యా దగ్గర అంతా ఒప్పుకోవాలనీ నిశ్చయించుకుని గుర్రం మీద ఇంటికి బయలుదేరతాడు. సగం దారిలో మనసు మళ్లీ లాగుతుంది, ఒక్కసారి లారాను చూసి వద్దామనుకుంటాడు. అదే దారిలో, రష్యా అంతర్యుద్ధంలో పోరాడుతున్న అడవి సైనికులు అడ్డగించి, తమకు వైద్యుడు కావాలని అతణ్ని పట్టుకుపోతారు. ఏడాది దాటాక ఎలాగో తప్పించుకుని, మంచులో కూరుకుపోయిన రైళ్ల పక్కనుంచి రైలుపట్టాల వెంట నడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి అతని కుటుంబం ఆ ఊళ్లో లేదు. భార్యకు చెప్పుకోవలసిన మాట గొంతులోనే మిగిలిపోయింది.

నా దృష్టిలో ఈ నవలకు ప్రాణం ఇక్కడే ఉంది. మామూలు కాలంలో మనిషి తప్పు చేస్తాడు, సిగ్గుపడతాడు, ఒప్పుకుంటాడు, ఎదుటివాళ్లు తిడతారు, క్షమిస్తారు, లేదా క్షమించకుండా వెళ్లిపోతారు. వీటన్నిటికీ వ్యవధి కావాలి. ఆ వ్యవధినే ఆ కాలం వాళ్ల నుంచి లాక్కుంది. జివాగో తోన్యాను వదిలిపెట్టాడా, లేక విడిచిపెట్టడమో నిలబడడమో తేల్చుకునే రోజునే అతని చేతిలోంచి గుంజుకున్నారా అన్న ప్రశ్నకు నవల తీర్పు చెప్పదు. మీ బృందం కూడా దాన్ని తేల్చకుండా ఉంచడమే మంచిదని నేననుకుంటాను.

ఇక లారా సంగతి. అడవి నుంచి వచ్చిన జివాగో చింపిరి బట్టలతో, పెరిగిన గడ్డంతో ఆమె ఇంటి మెట్ల దగ్గరకు చేరి, గోడలో ఇటుక వెనకున్న తొర్రలో చెయ్యి పెడతాడు. తాళంచెవితోపాటు ఒక చీటీ దొరుకుతుంది. అతడు ప్రాణాలతో వచ్చాడన్న కబురు విని, అతణ్ని వెతుక్కుంటూ వరీకినో పల్లెకు వెళ్తున్నాననీ, తినడానికి ఉడికించిన బంగాళాదుంపలు పెట్టాననీ, ఎలుకలున్నాయి కాబట్టి గిన్నె మూత మీద బరువు పెట్టమనీ రాసిపెట్టి వెళ్లింది. ప్రేమను గురించి రాసిన ఎన్నో పేజీలకంటే ఆ ఎలుకల మాట నన్ను ఎక్కువ కదిలించింది. ఎప్పుడు వస్తాడో, అసలు వస్తాడో రాడో తెలియని మనిషికి ఆకలి వేస్తుందని తలచుకుని, దుంపలు ఉడకబెట్టి, ఎలుకల బెడద కూడా గుర్తుపెట్టుకుని చెప్పి వెళ్లిన ఆమె మనసును చూసిన తరువాత ప్రేమ అన్న మాటకు నేను వేరే ఉదాహరణ వెతకలేదు.

తరువాత ఆ ఇద్దరూ లారా కూతురు కాత్యాతో వరీకినోలోని పాడుబడ్డ ఇంట్లో గడిపిన రోజులు రెండు వారాలైనా నిండవు. ఎవరో ఒకరు వచ్చి పట్టుకుపోతారని ఇద్దరికీ తెలుసు. అయినా లారా ఇల్లు ఊడ్చి, బట్టలు ఉతికి, పిల్లకు పాఠం చెబుతుంది. తల్లీకూతుళ్లు నిద్రపోయాక జివాగో దీపం దగ్గర కూర్చుని, పేజీ తరువాత పేజీ కవిత్వం రాస్తాడు, బయట మంచు మీద తోడేళ్లు అరుస్తుంటాయి. ఆ రాత్రుల కోసం మీ తొమ్మిదిమందీ ఆ అధ్యాయాన్ని మళ్లీ ఒకసారి కలిసి చదవాలని నా కోరిక.

ప్రశ్న: ఈ నవల కథ 1903 ప్రాంతంలో మొదలై, ప్రధానంగా 1929తో ముగుస్తుంది. స్టాలిన్ ప్రస్తావన దాదాపు కనిపించదు. అంతర్యుద్ధ కాలపు గందరగోళాన్ని ‘సంపూర్ణ నియంతృత్వం’ అనడం చరిత్ర దృష్ట్యా సబబేనా?
(విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు, చిత్తూరు)

సమాధానం: మీ ప్రశ్న న్యాయమైనది. 1918 నుంచి 1921 వరకు రష్యాలో సాగినది అంతర్యుద్ధమే. విప్లవ ప్రభుత్వపు ఎర్రసేన, దాన్ని ఎదిరించిన తెల్లసేన రెండూ ఊళ్లు తగలబెట్టాయని ఈ నవల దాచదు. కానీ ఒక వ్యవస్థ సంపూర్ణంగా బిగుసుకున్నాక ఎలా ఉంటుందో కాకుండా, బిగుసుకుంటున్నప్పుడు ఇంటి గడప దగ్గర ఎలా కనిపిస్తుందో పాస్టర్నాక్ రాశాడు. యూర్యాతిన్‌లో గోడకు అంటించిన ప్రభుత్వ ఉత్తర్వులను ఆకలితో నిలబడి చదువుతూ జివాగో స్పృహ తప్పి పడిపోయే ఘట్టం ఉంది. కార్డులు, రేషన్, శిక్షలు, హెచ్చరికలు అన్నీ ఒకే గోడ మీద, ఒకే గొంతుతో ఉంటాయి. ఆ మాటల తీరు ఇన్నేళ్లయినా మారలేదని అతడు గమనిస్తాడు. నియంతను చూపించకుండా నియంతృత్వం మాట్లాడే భాషను చూపించిన ఘట్టమది.

జివాగో చనిపోయే సంవత్సరం కూడా యాదృచ్ఛికం కాదు. 1929లోనే స్టాలిన్ రైతుల భూములను సమష్టి క్షేత్రాల్లో బలవంతంగా కలిపే పనిని ఉధృతం చేశాడు. ఆ ఆగస్టులో, మాటిమాటికీ ఆగిపోతున్న కిక్కిరిసిన ట్రామ్ బండిలో జివాగోకు ఊపిరాడదు. కిటికీ తెరవడానికి ప్రయత్నించి, జనాన్ని తోసుకుంటూ దిగి, నాలుగడుగులు వేసి రోడ్డు మీదనే కూలిపోతాడు. రష్యన్ కవి అలెగ్జాండర్ బ్లోక్ 1921లో, ద్వంద్వయుద్ధంలో గుండు తగిలి చనిపోయిన కవి పుష్కిన్ గురించి చేసిన ప్రసంగంలో, ఆ కవిని చంపింది తుపాకీ గుండు కాదు, గాలి లేకపోవడం అన్నాడు. పాస్టర్నాక్ తరం ఆ మాటను మరిచిపోలేదు. లారా ముగింపును నవల రెండు మూడు వాక్యాల్లో తేల్చేస్తుంది. ఒకరోజు ఆమె ఇంటినుంచి వెళ్తుంది, తిరిగి రాదు, ఉత్తరాన ఏదో నిర్బంధ శిబిరంలో, తరువాత పోగొట్టుకున్న ఒక జాబితాలో పేరులేని అంకెగా కలిసిపోయి ఉంటుంది. నియంతృత్వం అన్న మాట సబబేనా అన్న మీ ప్రశ్నకు ఆ వాక్యాలకు మించిన సమాధానం నా దగ్గర లేదు.

ఇక్కడ నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాలనిపిస్తోంది. మన దేశంలో 1975 జూన్ నుంచి 1977 మార్చి వరకు ఉన్న అత్యవసర పరిస్థితిని నేను స్టాలిన్ పాలనతో ఒకే త్రాసులో పెట్టను, అది రెంటికీ అన్యాయమవుతుంది. కానీ ఆ రోజుల్లో మేము చిత్తూరులో అద్దెకున్న ఇంటి పక్కనే ఒక అధ్యాపకుడి కుటుంబం ఉండేది. ఆయనను తీసుకువెళ్లిన మరుసటి తెల్లవారుజామున ఆయన భార్య పెరట్లో నీళ్లపొయ్యి ముందు కూర్చుని కాగితాలు కాల్చింది. నాకప్పుడు పదకొండేళ్లు, ప్రహరీ గోడకు ఈవల నిలబడి చూశాను. సభల కరపత్రాలతోపాటు, పెళ్లికి ముందు ఆయన తనకు రాసిన ఉత్తరాల కట్టను కూడా ఆమె పొయ్యిలో పెట్టింది. మా అమ్మ గోడ మీదనుంచి “అవి ఎందుకే, అవి ఇంటి ఉత్తరాలు కదా?” అంటే, “వచ్చినోళ్లు ఏది ఏదని చూస్తారా అక్కా, వేరుచేసి పెట్టేదానికి నాకు పొద్దెక్కడిది?” అంది. ఆయన కొన్ని నెలల తరువాత క్షేమంగా తిరిగి వచ్చారు. ఉత్తరాలు మాత్రం పోయాయి. ఈ నవల చదివిన ప్రతిసారీ నాకు ఆ పొయ్యి వెలుగే గుర్తుకు వస్తుంది.

ప్రశ్న: మా చిన్నతనంలో విశాలాంధ్ర పుస్తకాల బండి ఊళ్లోకి వస్తే రూపాయికి, రెండు రూపాయలకు రష్యన్ పుస్తకాలు కొనుక్కునేవాళ్లం. మాస్కోలోనే తెలుగులో అచ్చయిన ఆ నున్నటి కాగితాల వాసన ఇప్పటికీ గుర్తుంది. ఇంతటి నవల ఆ బండిలో ఎందుకు రాలేదు? రచయితను ఏం చేశారు?
(ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

సమాధానం: ఆ పుస్తకాల రుణం నేనూ తీర్చుకోలేను. మన సీమవాడైన రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన ఆ పుస్తకాలే మనలో చాలామందికి తొలి ప్రపంచ సాహిత్యం. అయితే ఈ నవల ఆ బండిలో రాలేదంటే ఆశ్చర్యం లేదు, అప్పటికి అది స్వదేశంలోనే అచ్చు కాలేదు.

పాస్టర్నాక్ దీన్ని మాస్కోలోని ‘నోవీ మీర్’ సాహిత్య పత్రికకు పంపితే, విప్లవం పట్ల రచయిత దృక్పథాన్ని తప్పుపడుతూ సంపాదకవర్గం 1956లో తిరస్కరించింది. అప్పటికే ఆయన ఒక ప్రతిని ఇటలీ ప్రచురణకర్త ఫెల్త్రినెల్లికి చేరేలా ఇచ్చేశారు. వెనక్కి తెప్పించాలని మాస్కో ఎంత ఒత్తిడి చేసినా, 1957 నవంబరులో అది మిలాన్‌లో ఇటాలియన్ భాషలో వెలువడింది. 1958 అక్టోబరు 23న నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆయన మొదట కృతజ్ఞత తెలిపారు. రచయితల సంఘం ఆయనను బహిష్కరించింది, నవలను చదవనివాళ్లు కూడా సభల్లో ఆయనను దుయ్యబట్టారు. వారం తిరగకముందే బహుమతిని నిరాకరిస్తూ తంతి పంపవలసి వచ్చింది. తనను దేశం నుంచి వెళ్లగొట్టవద్దని ఆయన పేరిట సోవియట్ అధినేత కృశ్చేవ్‌కు లేఖ కూడా వెళ్లింది. 1960 మే 30న, డెబ్బై ఏళ్ల వయసులో, మాస్కో దగ్గరి పెరెదెల్కినో పల్లెలో కన్నుమూశారు.

కానీ అసలు మూల్యం చెల్లించిన మనిషి మరొకరున్నారు. లారా పాత్రకు చాలావరకు ఆధారమైన ఓల్గా ఇవిన్‌స్కాయాతో పాస్టర్నాక్‌కు 1946లో నోవీ మీర్ కార్యాలయంలోనే పరిచయమైంది. 1949లో ఆమెను నిర్బంధించి, ఆయన గురించి ప్రశ్నించారు. గర్భవతిగా ఉన్న ఆమె నిర్బంధంలోనే బిడ్డను పోగొట్టుకుంది. స్టాలిన్ మరణం తరువాత 1953లో శిబిరం నుంచి విడుదలైంది. పాస్టర్నాక్ పోయిన కొద్ది నెలలకే, విదేశాల నుంచి వచ్చిన రాయల్టీ సొమ్ము నెపంతో ఆమెను, ఆమె కూతురు ఇరీనాను మళ్లీ పట్టుకున్నారు. ఓల్గా 1964లో బయటపడింది. లోకప్రఖ్యాతుడైన రచయితను ముట్టుకోవడానికి సంకోచించిన ప్రభుత్వం ఆయన ప్రేమించిన మనిషిని రెండుసార్లు ముట్టుకుంది. పాస్టర్నాక్ తన భార్య జినైదా ఇంటిని చివరిదాకా వదల్లేదు, ఓల్గానూ వదల్లేదు. ఇద్దరు స్త్రీలకూ ఆయన వల్ల కష్టమే కలిగిందని చెప్పక తప్పదు. తిరుపతి పాఠకురాలి ప్రశ్న ఆయన జీవితానికి కూడా వర్తిస్తుంది.

ఒకప్పుడు తిరస్కరించిన ఆ నోవీ మీర్ పత్రికే 1988లో ఈ నవలను రష్యన్ పాఠకులకు అందించింది. మరుసటి సంవత్సరం డిసెంబరులో ఆయన కుమారుడు యెవ్‌గేనీ స్టాక్‌హోమ్ వెళ్లి తండ్రికి రావలసిన పతకం అందుకున్నారు. తిరస్కరణకు, ప్రచురణకు మధ్య ముప్పై రెండేళ్లు గడిచాయి, ఓల్గా ఆ రోజును చూడగలిగింది.

ప్రశ్న: సినిమా చూసి నవల తెచ్చుకున్నాను. పేర్లు గుర్తుండక నలభై పేజీల దగ్గరే ఆగిపోయాను. ఎలా చదవాలి?
(డిగ్రీ విద్యార్థి, పుత్తూరు)

సమాధానం: రష్యన్ పేరులో సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఉంటాయి. వీటికి తోడు ముద్దుపేరు. యూరి, యూరి ఆంద్రేయెవిచ్, జివాగో, యూరా అందరూ ఒక్కడే. మీ తాతగారిని ఊళ్లో ఇంటిపేరుతో, బడి రికార్డులో పూర్తి పేరుతో, మీ అవ్వ ‘ఏమబ్బా’ అనీ పిలిచినట్టే అనుకోండి. ఒక కాగితం మీద పదిమంది పేర్లు రాసుకుని పుస్తకంలో పెట్టుకుంటే సరిపోతుంది. 1965 నాటి సినిమా ఎక్కువగా స్పెయిన్‌లో తీసినది. చూడటానికి అందంగా ఉంటుంది కానీ, అందులో జివాగో కవి అని చెబుతారే తప్ప అతని కవిత్వం వినిపించదు.

నవల చివరి భాగంగా జివాగో రాసినట్టు ఇరవై ఐదు కవితలున్నాయి. కథ అయిపోయిందని చాలామంది వాటిని వదిలేస్తారు. మీరు అలా చేయకండి. మూడో భాగంలో తోన్యాతో మంచు బండి మీద విందుకు వెళ్తూ జివాగో ఒక వీధి కిటికీలో కొవ్వొత్తి వెలుగును చూస్తాడు. గాజు మీద పేరుకున్న మంచు ఆ వేడికి చిన్న రంధ్రంలా కరిగి ఉంటుంది. ఆ గదిలో లారా ఉందని అతనికి తెలియదు. అక్కడ ఆగి, పుస్తకం చివరికి వెళ్లి ‘శీతాకాలపు రాత్రి’ అన్న కవితను చదవండి. పదిహేనో భాగంలో అతని శవపేటికను ఉంచిన గది అదేనని తెలిసినప్పుడు, ఏళ్ల తరువాత యాదృచ్ఛికంగా లారా ఆ తలుపు తోసుకుని వచ్చినప్పుడు, ఆ కవితనే రెండోసారి చదవండి.